సర్కారు వెబ్‌సైట్‌లో ‘నాకు ఎంత? నాకు ఎప్పుడు?’ అన్న ప్రశ్నకు జవాబు ఎందుకు దొరకదు? బోధన్ చెరకు లెక్కతో చూద్దాం

చెరకు తోలిన రైతుకు మిల్లు ఎంత చెల్లించాలి? బోధన్ చుట్టుపక్కల ఇప్పటికీ చెరకు వేస్తున్న రైతులు ఏటా అడిగే ప్రశ్న ఇది.

జవాబు రహస్యమేమీ కాదు. 2025-26 చక్కెర సీజన్‌కు కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు రూ.355 ధర ఖరారు చేసింది. దీన్నే ఎఫ్ఆర్‌పీ అంటారు. మిల్లు రైతుకు ఇంతకంటే తక్కువ ఇవ్వడానికి వీల్లేదు. ఆ రోజు టీవీల్లో స్క్రోలింగ్ వచ్చింది, మరుసటి రోజు పేపర్లలో వచ్చింది, మేమూ రాశాం.

అయితే రూ.355 అనేది రికవరీ 10.25 శాతం ఉన్నప్పటి ధర. రికవరీ అంటే వంద కిలోల చెరకు ఆడిస్తే వచ్చే చక్కెర. అది 0.1 శాతం పెరిగితే క్వింటాలుకు రూ.3.46 కలుస్తుంది, 0.1 శాతం తగ్గితే అంతే కోత పడుతుంది. 9.5 శాతం కన్నా ఎంత తగ్గినా రైతుకు మాత్రం రూ.329.05కి తక్కువ కాకుండా ఇవ్వాలి.

ఇప్పుడు 40 టన్నులు, అంటే 400 క్వింటాళ్లు తోలిన రైతు లెక్క చూడండి. రికవరీ 10.25 ఉంటే రూ.1,42,000 రావాలి. 9.8 ఉంటే క్వింటాలుకు రూ.339.43 చొప్పున రూ.1,35,772. 9.5 ఉంటే రూ.1,31,620. పై లెక్కకూ కింది లెక్కకూ తేడా రూ.10,380.

ఇంకా ఉంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు తోలిన 14 రోజుల్లోపు మిల్లు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం చొప్పున వడ్డీ కలపాలి. పైన చెప్పిన రూ.1,31,620 గడువు దాటి 60 రోజులు ఆగితే వడ్డీయే సుమారు రూ.3,245 అవుతుంది. ఎంతమంది రైతులు ఈ వడ్డీ లెక్క వేసుకుని అడుగుతారు?

నిబంధనలన్నీ ప్రభుత్వ ప్రకటనల్లో, ఉత్తర్వుల్లో ఉన్నవే. వాటిని వెతికి, చదివి, దశాంశాలతో గుణించి తన సంగతి తాను తేల్చుకోవడం మాత్రం రైతుకే వదిలేశారు. ఒక పేజీలో మూడు గడులు పెడితే సరిపోతుంది. ఎన్ని టన్నులు తోలారు? మిల్లు రికవరీ ఎంత? ఏ తేదీన తోలారు? మూడూ నింపితే రావాల్సిన సొమ్ము, గడువు తేదీ, దాటితే రోజుకు పడే వడ్డీ కనిపించాలి. పాఠశాల స్థాయి గణితమే, పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు.

ఇలా మీరు ఏదో ఒకటి నింపితే, నొక్కితే, ఎంచుకుంటే దానికి తగ్గట్టు మారే పేజీలనే వెబ్ రంగంలో ‘ఇంటరాక్టివ్ కంటెంట్’ అంటున్నారు. క్విజ్‌లు, పోల్స్, క్యాలిక్యులేటర్లు, మ్యాపులు, చాట్‌బాట్‌లు అన్నీ ఈ కోవలోవే. వెబ్‌సైట్‌కు వచ్చినవాళ్లను ఆకట్టుకోవాలంటే ఇవి పెట్టండని సలహాలిచ్చేవారు బోలెడు మంది. ప్రభుత్వ సేవల దగ్గరికి వచ్చేసరికి ఈ సలహాను కొంచెం తిరగేసి చూడాలి.

ఎక్కువసేపు ఉంటే మంచిదా?

2013లో న్యూయార్క్ టైమ్స్ వెబ్‌సైట్‌లో ఆ ఏడాది అత్యధికులు చూసింది ఏదో పెద్ద పరిశోధనాత్మక కథనం అనుకుంటాం. కాదు, ఒక క్విజ్. మీరు ఫలానా వస్తువును ఏమని పిలుస్తారు, ఫలానా మాట ఎలా పలుకుతారు అని పాతిక ప్రశ్నలు వేసి, మీరు అమెరికాలో ఏ ప్రాంతం యాస మాట్లాడుతున్నారో మ్యాప్‌లో చూపించేది. డిసెంబరు చివర్లో వచ్చి కూడా ఏడాది మొత్తం కథనాలను దాటేసింది. జనం ఎందుకు ఎగబడ్డారంటే, అది లోకం గురించి కాకుండా ‘నా గురించి’ చెప్పింది.

మాలాంటి న్యూస్ పోర్టళ్లకు పాఠకుడు ఎంతసేపు పేజీలో ఉన్నాడన్నది ముఖ్యం. ప్రకటనల ఆదాయం దాని మీదే ఉంటుంది, దాచుకునేదేమీ లేదు. షాపింగ్ సైట్లదీ అదే లెక్క. రేషన్ కార్డు సైట్‌కో, కరెంటు బిల్లు సైట్‌కో వచ్చిన మనిషి అరగంట ఉన్నాడంటే మాత్రం దానర్థం వేరు. పని కాలేదన్నమాట.

బ్రిటన్ ప్రభుత్వం 2012లో తన శాఖల సమాచారాన్ని ‘గవ్ డాట్ యూకే’ అనే ఒకే సైట్‌లోకి తేవడం మొదలుపెట్టినప్పుడు ఈ తేడాను పట్టుకుంది. ‘పౌరుడికి ఏం కావాలో అక్కడి నుంచి మొదలుపెట్టు’ అన్నది వాళ్ల డిజైన్ సూత్రాల్లో మొదటిది. అక్కడ పింఛను ఎప్పుడొస్తుందో తెలుసుకోవాలంటే చట్టం చదవక్కర్లేదు. పుట్టిన తేదీ లాంటి ఒకటి రెండు వివరాలు అడుగుతుంది, ఫలానా తేదీ నుంచి అని చెబుతుంది. అంతటితో పని అయిపోతుంది.

మన సైట్లలోనూ కదిలేవి చాలానే ఉంటాయి. పైన పరుగెత్తే అక్షరాలు, తెరవగానే అడ్డొచ్చే నాయకుల ఫొటోలు, కింద ‘మీరు ఇన్నో సందర్శకులు’ అని చెప్పే అంకె, పక్కన ఒక పోల్. ఇవేవీ మిమ్మల్ని ఏమీ అడగవు. అడిగినా ఆ జవాబుతో మీకు ఒరిగేదేమీ ఉండదు.

‘ఎఫ్ఎస్‌సీ’ అంటే రేషన్ కార్డు అని ఎవరికి తెలుసు?

న్యాయంగా చెప్పాలంటే తెలంగాణలో అడిగి జవాబిచ్చే పేజీలు లేక కాదు. రేషన్ కార్డు వివరాలు, ఇందిరమ్మ ఇంటి దరఖాస్తు, ఆస్తి పన్ను బకాయి, కరెంటు బిల్లు, భూమి రికార్డు... అన్నిటికీ నంబరు కొడితే సమాధానం వచ్చే ఏర్పాటు ఉంది. ఇబ్బంది ఎక్కువగా తలుపు దగ్గరా, జవాబు దగ్గరా వస్తోంది.

తలుపు సంగతి చూద్దాం. రేషన్ కార్డు స్టేటస్ చూడాలంటే పౌరసరఫరాల శాఖ ఈపీడీఎస్ సైట్‌కు వెళ్లాలి. అక్కడ మీరు నొక్కాల్సిన చోట ‘ఎఫ్ఎస్‌సీ సెర్చ్’ అని ఉంటుంది. ఎఫ్ఎస్‌సీ అంటే ఆహార భద్రత కార్డు. కాగితం మీద పేరు అదే కావచ్చు. కానీ బోధన్ బస్టాండ్‌లో పది మందిని అడిగితే పదిమందీ ‘రేషన్ కార్డు’ అనే అంటారు. 2025 జులైలో కొత్త కార్డుల పంపిణీ మొదలయ్యాక, అంతకుముందు ఏప్రిల్ నుంచి సన్న బియ్యం ఇవ్వడం మొదలయ్యాక ‘మా పేరు ఎక్కిందా’ అని చూసుకునే అవసరం ఎన్నో ఇళ్లలో వచ్చింది. ఇంట్లో పిల్లాడి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, నెట్ ఉంది. ఏది నొక్కాలో తెలియక మీసేవ సెంటర్‌కు వెళ్తున్నారు.

ధరణి కాలంలో ఇది పరాకాష్ఠకు చేరింది. 2020 అక్టోబరులో వచ్చిన ఆ పోర్టల్‌లో మీ సమస్యకు ఒక మాడ్యూల్ నంబరు ఉండేది. పాసుపుస్తకంలో పేరో, విస్తీర్ణమో తప్పు పడితే ‘టీఎం-33’. నిషేధిత జాబితాలో భూమి పడితే ‘టీఎం-15’. ఊళ్లలో చదువురాని రైతులు కూడా ‘టీఎం థర్టీ త్రీ పెట్టినం’ అనే స్థితి వచ్చింది. జనం మాటలు పోర్టల్ నేర్చుకోవాల్సింది పోయి, పోర్టల్ భాషను జనం నేర్చుకున్నారు. తప్పు మాడ్యూల్‌లో దరఖాస్తు పెడితే ఫీజు, రోజులు రెండూ పోయేవి.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. మొదట ప్రయోగాత్మకంగా తీసుకున్న నాలుగు మండలాల్లో పాత నిజామాబాద్ జిల్లాలోని లింగంపేట ఒకటి, ఇప్పుడది కామారెడ్డి జిల్లాలో ఉంది. కొత్త పోర్టల్‌లో మాడ్యూళ్లను తగ్గించారు. అది మంచి పనే. అంతకంటే పనికొచ్చిందని నాకనిపించేది ఊళ్లో పెట్టిన రెవెన్యూ సదస్సులు. అక్కడ అధికారి ‘నీ సమస్య ఏంటి’ అని అడిగాడు, రైతు తన మాటల్లో చెప్పాడు, ఏ రకం దరఖాస్తో అధికారే తేల్చాడు. పోర్టల్ మొదటి పేజీ చేయాల్సిన పని సరిగ్గా ఇదే. ‘తండ్రి పేరు మీది భూమి మీ పేరు మీదికి మారాలా?’, ‘సర్వే నంబరు కనిపించడం లేదా?’, ‘విస్తీర్ణం తక్కువ పడిందా?’ అని నాలుగైదు మామూలు ప్రశ్నలు అడిగితే చాలు. సరైన ఫారం దానంతటదే తెరుచుకోవాలి.

ఇక జవాబు సంగతి. ఇందిరమ్మ ఇళ్ల వెబ్‌సైట్‌లో ఆధార్, మొబైల్, రేషన్ కార్డు, దరఖాస్తు నంబర్లలో ఏదో ఒకటి కొట్టి స్టేటస్ చూసుకోవచ్చు. నాలుగు దారులు ఇవ్వడం నిజంగా బాగుంది. దరఖాస్తు రసీదు పోయినవాళ్లు కూడా చూసుకోగలిగారు. తీరా వచ్చిన జవాబేమో ‘ఎల్1’, ‘ఎల్2’, ‘ఎల్3’. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్1, జాగా కూడా లేనివాళ్లు ఎల్2, మిగతావాళ్లు ఎల్3 అని పత్రికలు, యూట్యూబ్ చానళ్లు విడమరచి చెప్పాల్సి వచ్చింది. ఎల్2 అని వచ్చిన మనిషికి తర్వాతి ప్రశ్న ఉంటుంది. ‘అయితే నాకు ఇల్లు రాదా? ఈ విడతలో రాదా? నేను ఎల్1 అయ్యుండాల్సింది, ఎవరికి చెప్పాలి?’ ఒక అక్షరం, ఒక అంకె దీనికి సరిపోవు. జవాబు కింద రెండు వాక్యాలు తెలుగులో ఉంటే ఎంపీడీవో ఆఫీసు ముందు వరుస కొంత తగ్గేది.

కరెంటు బిల్లుదీ ఇలాంటి కథే. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 201వ యూనిట్ పడితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. మే నెలలో కూలర్ నడిచే ఇంటికి ఈ ఒక్క యూనిట్ చాలా ఖరీదైనది. మీటర్ రీడింగ్ కొడితే ‘ఈ లెక్కన నెలాఖరుకు ఇన్ని యూనిట్లు అవుతాయి’ అని చెప్పే చిన్న పేజీకి గిరాకీ ఎంత ఉంటుందో ఊహించుకోండి.

ఓటీపీ దుబాయ్‌కి వెళ్తే?

నిజామాబాద్ జిల్లాకు మాత్రమే ప్రత్యేకం అనలేం గానీ, ఇక్కడ కొట్టొచ్చినట్టు కనిపించే చిక్కు ఇంకొకటి ఉంది. వేలాది కుటుంబాల్లో ఇంటి పెద్ద గల్ఫ్‌లో ఉంటాడు. భూమి ఆయన పేరు మీద, బ్యాంకు ఖాతా ఆయన పేరు మీద, ఆధార్‌కు లింకైన నంబరూ ఆయనదే. ఇంటి దగ్గర భార్య ఫారం మొత్తం నింపి చివర్లో బటన్ నొక్కితే ఓటీపీ దుబాయ్‌లోనో, దోహాలోనో ఉన్న ఫోన్‌కు వెళ్తుంది. ఆ ఇండియా సిమ్‌కు రోమింగ్ లేకపోతే అక్కడికీ వెళ్లదు. వెళ్లినా ఆయన డ్యూటీలో ఉంటాడు. ఈలోపు ఓటీపీ గడువు అయిపోతుంది. పేజీ మళ్లీ మొదటికి వస్తుంది, నింపినదంతా పోతుంది.

పీఎం కిసాన్ పథకం ఈ చిక్కును కొంత గుర్తించింది. ఏడాదికి మూడు విడతల్లో రూ.6,000 వచ్చే ఈ పథకానికి ఈ-కేవైసీ తప్పనిసరి. మొదట్లో ఓటీపీ, లేదంటే సీఎస్‌సీ సెంటర్‌లో వేలిముద్ర. 2023 జూన్‌లో యాప్ ద్వారా ముఖం చూపించి చేసుకునే వీలు కల్పించారు. బీడీలు చుట్టీ చుట్టీ, పొలం పని చేసీ చేసీ వేలిముద్రలు అరిగిపోయిన వాళ్లకు ఇది నిజమైన మేలు. అదే ఏడాది సెప్టెంబరులో ‘కిసాన్ ఈ-మిత్ర’ అనే చాట్‌బాట్ వచ్చింది. ‘నా డబ్బు ఎందుకు పడలేదు’ అని అడిగితే కారణం చెబుతుంది, తెలుగులో కూడా పనిచేస్తుంది. భూమి వివరాలు సరిపోలేదా, బ్యాంకు ఖాతాకు ఆధార్ జోడించలేదా, ఈ-కేవైసీ ఆగిందా అన్నది తెలిస్తే రైతు ఏ ఆఫీసుకు వెళ్లాలో తేలిపోతుంది. వ్యవసాయ ఆఫీసు, బ్యాంకు, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ మూడు తిరుగుళ్లు ఒకటవుతాయి.

గల్ఫ్ కుటుంబాలకు ఇంతకంటే బరువైన సందర్భం ఇంకొకటి ఉంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రూ.5 లక్షల పరిహారం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వులిచ్చింది. ఆ ఉత్తర్వు ఒక పీడీఎఫ్. మనిషి పోయిన ఇంట్లో ఎవరు కూర్చుని ఆ ఆంగ్ల పీడీఎఫ్‌లో క్లాజులు చదువుతారు? ఏ దేశంలో చనిపోయారు, ఎప్పుడు, ఏ కాగితాలు చేతిలో ఉన్నాయి, దరఖాస్తు చేసేది భార్యా, పిల్లలా, తల్లిదండ్రులా అని వరుసగా అడిగి, ఇంకా కావాల్సిన కాగితాలేంటో చెప్పే పేజీ ఉండాలంటే ముందు ఇలాంటి చోటే ఉండాలి. బోధన్, ఆర్మూర్, భీంగల్ వైపు ఈ పని ఇప్పుడు తెలిసినవాళ్లు, ఊరి సర్పంచులు, గల్ఫ్ కార్మిక సంఘాలు చేసిపెడుతున్నాయి.

వాట్సాప్‌లోకి సర్కారు

గత ఏడాదిగా రెండు తెలుగు రాష్ట్రాలూ పోర్టల్ నుంచి చాట్ వైపు జరిగాయి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో మొదలుపెట్టింది. ఆ వెంటనే ఇంటర్ హాల్ టికెట్లు, తర్వాత ఫలితాలు కూడా అందులోనే ఇచ్చారు. హాల్ టికెట్ ఈ పద్ధతికి బాగా సరిపోయిన పని. పిల్లవాడికి కావాల్సింది ఒక్క కాగితం, అడగాల్సిందీ ఒకటి రెండు వివరాలే. ఫలితాల రోజు సైట్ కుప్పకూలడం, ఇంటర్నెట్ సెంటర్ దగ్గర తోపులాట మనకు తెలిసినవే కదా.

తెలంగాణ కూడా 2025 నవంబరులో మీసేవను వాట్సాప్‌లోకి తెచ్చింది. వందల సేవలు అందులో ఉన్నాయని ప్రభుత్వం చెబుతోంది. మీసేవ కేంద్రాలు ఉమ్మడి రాష్ట్రంలో 2011 నవంబరులో మొదలయ్యాయి, అంటే 14 ఏళ్ల తర్వాత కౌంటర్ మన ఫోన్‌లోకి వచ్చినట్టు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇన్నేళ్లుగా మీసేవ సెంటర్‌లో జనానికి కావాల్సిన పని చేసిపెట్టింది కంప్యూటర్ ఒక్కటే కాదు, దాని ముందు కూర్చున్న ఆపరేటర్ కూడా. ‘ఆదాయమా, కులమా? దేనికి? స్కాలర్‌షిప్‌కా? అయితే రెండూ కావాలి. పాత సర్టిఫికెట్ ఉందా? రేషన్ కార్డు జిరాక్స్ తెచ్చినవా?’ అని ఆయన ఎదురు ప్రశ్నలు వేస్తాడు. ఏమీ తెలియకుండా వచ్చిన మనిషి సరైన ఫారంతో బయటికి వెళ్తాడు. మన దగ్గరున్న అసలైన ఇంటరాక్టివ్ కంటెంట్ ఆయనే. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో చెరకు రైతుకు ఫీల్డ్‌మన్ ఉన్నట్టు.

వాట్సాప్ మెనూ ఆ ఎదురు ప్రశ్నలు వేయగలదా? శాఖ ఎంచుకోండి, సేవ ఎంచుకోండి, ఫారం నింపండి అన్న వరుసలోనే ఉంటే పోర్టల్‌ను పచ్చరంగు కిటికీలో పెట్టినట్టే అవుతుంది. ‘స్కాలర్‌షిప్‌కు ఏం కావాలి’ అని వాయిస్ మెసేజ్ పెడితే అర్థం చేసుకుని అడగగలిగితేనే ఆపరేటర్ స్థానానికి కొంతైనా దగ్గరవుతుంది.

ఈ దిశలో కేంద్రం చేసిన మంచి ప్రయత్నం ‘మై స్కీమ్’ పోర్టల్. 2022 జులైలో మొదలైంది. పథకాల పేర్లు మీకు తెలియాల్సిన పనిలేదు. వయసు, రాష్ట్రం, ఊరా పట్నమా, సామాజిక వర్గం, చదువుతున్నారా, వైకల్యం ఉందా, ఆదాయం ఎంత అని అడుగుతూ పోతుంది. ప్రతి జవాబుకూ సరిపోని పథకాలు రాలిపోయి చివరికి మీకు వర్తించేవి మిగులుతాయి. ఆలోచన సరైనదే. జాబితా పొడవుగా వస్తుందన్నది వేరే సంగతి.

ఇవేవీ కాకుండా జనం సొంతంగా అలవాటు చేసుకున్నవీ కొన్ని ఉన్నాయి. ఆర్టీసీ ‘గమ్యం’ యాప్‌లో బస్సు ఎక్కడుందో చూసుకోవడం అందులో ఒకటి. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు ధర ఈ-నామ్‌లో చూసుకోవడం మరొకటి. 2016 ఏప్రిల్‌లో దేశంలో ఈ-నామ్ మొదలైన తొలి మార్కెట్లలో నిజామాబాద్ ఉంది. వీటికి ఎవరూ ప్రచారం చేయక్కర్లేదు. అడిగితే జవాబు వస్తుంది, రేపు అడిగితే రేపటి జవాబు వస్తుంది, అందుకే మళ్లీ చూస్తారు.

తెలుగు ఒక్కటే సరిపోదు

బోధన్‌లో ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో ఉర్దూ, మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ల నుంచి బజారుకు వచ్చేవాళ్ల నోట మరాఠీ వినిపిస్తాయి. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష కూడా. జిల్లాల వెబ్‌సైట్లు ఎన్ఐసీ తయారు చేసిన ఒకే చట్రం మీద నడుస్తాయి కాబట్టి భాష మార్చే బటన్ ఉంటుంది. బటన్ నొక్కితే మెనూలు మారతాయి. లోపల ఉన్న నోటిఫికేషన్ మాత్రం స్కాన్ చేసిన ఆంగ్ల పీడీఎఫ్‌గానే ఉంటుంది. స్కాన్ చేసిన బొమ్మను ఫోన్ చదివి వినిపించలేదు, గూగుల్ సరిగా అనువదించలేదు. చూపు లేనివారికైతే అది ఖాళీ పేజీతో సమానం. ప్రభుత్వ వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలని 2009 నుంచే కేంద్ర మార్గదర్శకాలు ఉన్నాయి, 2023లో వాటి మూడో రూపం కూడా వచ్చింది.

అడిగే ప్రతి పేజీ నమ్మదగినది కాదు

జనం ‘నంబరు కొడితే జవాబు’ పద్ధతికి అలవాటు పడేకొద్దీ మోసగాళ్లూ అదే వేషం వేస్తున్నారు. ‘పీఎం కిసాన్ స్టేటస్ చూసుకోండి’ అంటూ వాట్సాప్ గ్రూపుల్లో ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నాయి. నొక్కితే ఫోన్ వాళ్ల చేతిలోకి వెళ్తుంది. కొన్ని జాగ్రత్తలు చాలు. ప్రభుత్వ సైట్ చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందా చూడండి. యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచే తీసుకోండి, వాట్సాప్‌లో ఫైల్‌గా వచ్చింది తెలిసినవాళ్లు పంపినా తెరవొద్దు. స్టేటస్ చూడటానికి ఏటీఎం పిన్ ఏ సర్కారూ అడగదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆపడానికి అంత వీలుంటుంది.

సర్కారు వైపు కూడా ఒక బాధ్యత ఉంది. అర్హత చెప్పడానికి ఆదాయం, వయసు అడగడం సరే. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా ముందే అడగాల్సిన పనేంటి? వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. అవసరమైనంత వరకే అడగాలన్నది అందులో ఉన్న మూల భావన. ముందు అర్హత ఉందో లేదో చెప్పి, దరఖాస్తు పెట్టేటప్పుడే ఆధార్ అడిగితే జనానికి భయం తగ్గుతుంది, నకిలీ పేజీని గుర్తుపట్టడమూ తేలికవుతుంది.

బోధన్‌కు మళ్లీ ఫ్యాక్టరీ వస్తే

శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1930ల చివర్లో మొదలై, 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది. చెరకు వేసిన పొలాలు చాలావరకు వరికి, సోయాకు మారాయి. మిగిలిన చెరకు కామారెడ్డి వైపు మిల్లులకు పోతోంది. ఫ్యాక్టరీ పునరుద్ధరణపై రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. ఇక్కడి రైతు మళ్లీ చెరకు వైపు రావాలా వద్దా అన్న నిర్ణయం రాజకీయ సభల్లో హామీల మీద తేలదు. ఎకరానికి ఎన్ని టన్నులు, రికవరీ ఎంత ఉంటే ఎంత ధర, కోత కూలి, రవాణా పోను మిగిలేదెంత, అదే ఎకరంలో వరి వేస్తే ఎంత అన్నది పక్కపక్కన చూసుకుంటేనే తేలుతుంది. రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం పక్కనే ఉంది. అంకెలు వాళ్ల దగ్గర ఉంటాయి, ధరలు కేంద్రం ప్రకటిస్తుంది. ఈ రెండిటినీ కలిపి రైతు తన పొలం విస్తీర్ణం కొడితే లెక్క చూపే పేజీ తయారు చేయడానికి ఫ్యాక్టరీ తెరిచేదాకా ఆగక్కర్లేదు.

వీటి పనితీరును ఎలా కొలవాలన్నది చివరి ప్రశ్న. ఇప్పటిదాకా మనకు వినిపించేవి ఎన్ని సేవలు పెట్టాం, ఎన్ని లక్షల మంది చూశారు అన్న అంకెలే. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు జరిగిన ప్రజాపాలనలో కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి, స్టేటస్ చూసుకోవడానికి వెబ్‌సైట్ పెట్టారు. ఎంతమంది చూశారన్నది దాని విజయానికి కొలమానం కాదు. చూసినవాళ్లలో ఎంతమంది మళ్లీ సోమవారం ప్రజావాణికి అదే ప్రశ్నతో కలెక్టరేట్‌కు వచ్చారన్నది చూడాలి. మీసేవ వాట్సాప్‌లోనూ అంతే. మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లు ఎంతమంది, ఏ అడుగు దగ్గర వదిలేశారు, ఏ భాషలో మొదలుపెట్టినవాళ్లు ఎక్కువ వదిలేశారు అన్న లెక్కలు ప్రభుత్వం దగ్గర ఆటోమేటిక్‌గా నమోదవుతాయి. జిల్లాలవారీగా, మూడు నెలలకోసారి వాటిని బయటపెడితే ఓటీపీ దగ్గర ఆగిపోతున్న ఇళ్లు భీంగల్‌లో ఎన్నో, ఉర్దూ లేక ఆగిపోతున్నవి బోధన్‌లో ఎన్నో తెలుస్తుంది.